మంచినీళ్ళ చెలమ

మా ఇంటికి ఎవరొచ్చినా మా ఆవిడ ముందు చేసే పని గ్లాసుతో మంచినీళ్ళు ఇవ్వడం. కూర్చోమనడం కూడా ఆ తర్వాతే. చిన్నప్పటి నుంచీ చూస్తున్న మర్యాదే అయినా, ఈ రెండేళ్ళుగా ఆవిడ "మంచినీళ్ళు తీసుకోండి" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. "ఊరికే నీళ్ళు అంటే చాలదా? మంచివో కావో తాగేవాడు చెబుతాడు" అని ఒకసారి చుట్టాల ముందే కసిరాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆఫ్రికా వెళ్ళొచ్చాక మీకు నీళ్ళతో కూడా పేచీయేనా?" అంది. చుట్టాలు నవ్వారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను. ఆ పేచీ ఏమిటో ఆవిడకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నా పని నీళ్ళు పరీక్ష చేయడం. రామచంద్రపురంలో బస్టాండుకి కాస్త ఎడంగా నాకో చిన్న గది ఉంది. నాలుగు మిషన్లు, గోడ పొడవునా సీసాలు. రొయ్యల చెరువుల వాళ్ళు, చేపల చెరువుల వాళ్ళు నీళ్ళు పట్టి తెస్తారు. ఉప్పు ఎంతుందో, సున్నం ఎంత వెయ్యాలో, నీళ్ళు ఎప్పుడు మార్చాలో నేను చెప్పాలి. ఇరవై ఏళ్ళు దాటింది ఈ పనిలోకి వచ్చి. మిషను చూడకముందే ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉప్పు సంగతి చెప్పేస్తానని నాకో పేరుంది. ఆ పేరంటే నాకు మహా ఇష్టం. నీళ్ళ గురించి నాకు చెప్పొచ్చేవాడెవడు అని లోపల్లోపల ఉండేది. పైకి అనేవాణ్ణి కాదు గానీ, నా మాట తీరులోనే తెలిసిపోతుందని మా ఆవిడ అంటుంది.

మా ఇల్లు ద్రాక్షారామం దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, కాలవ పక్కనే. మా వైపు బావుల సంగతి ఎవర్ని అడిగినా ఒకటే చెబుతారు. కాలవ పారినంతకాలం దాని ఊట వల్ల బావి నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఎండాకాలం మరమ్మతులకని కాలవ కట్టేస్తే బావిలో నీళ్ళు దిగిపోయి ఉప్పెక్కుతాయి. మళ్ళీ కాలవ వదిలిన వారం పది రోజులకి బావి కోలుకుంటుంది. పక్కన నీళ్ళుంటే బావికి మేలు అన్నది మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టడంతోనే తెలుసు.

దీనికి ఎదురు సంగతి కూడా నాకు తెలుసు, అదీ చెప్పాలి. నేను ఆఫ్రికా వెళ్ళడానికి ముందు ఏడాది మా వీధి బావి కాలవ పారుతుండగానే ఉప్పెక్కింది. బావికి వెనక ఉన్న చేలో ఒకాయన రొయ్యల చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాడు. నేను రెండు చోట్లా నీళ్ళు పట్టి పరీక్ష చేసి, ఆ కాగితం పట్టుకుని నడివీధిలో ఆయన మీద పడ్డాను. "నీ గట్టు కిందనించి ఊట బావిలోకి పోతోంది. నాకు తెలీదని మాత్రం అనకు" అని అరిచాను. "నిజంగా నాకు తెలీదండీ బాబూ" అన్నాడాయన, చేతులు రెండూ చూపిస్తూ. నేను నమ్మలేదు. చెరువు తవ్వేవాడికి ఊట ఎటు పోతుందో తెలియకుండా ఎలా ఉంటుందని వీధంతా వినేలా అన్నాను. 

ఆ తర్వాతే ఆఫ్రికా పిలుపు వచ్చింది. కెన్యాకి ఉత్తరాన ఎడారి మధ్యలో ఒక పెద్ద సరస్సు ఉందని, అందులో చేపలు తగ్గిపోతున్నాయని, ఒడ్డున బతికేవాళ్ళకి గుంటలు తవ్వి చేపలు పెంచడం నేర్పాలని ఒక సేవాసంస్థ వాళ్ళు మనిషి కోసం వెతుకుతున్నారు. చేపల మేత అమ్మే నా పాత స్నేహితుడొకడు నా పేరు చెప్పాడు. మూడు నెలల పని. ఆలోచించుకుని చెబుతానని అన్నాను గానీ, ఆలోచించింది ఏమీ లేదు. ఆఫ్రికా దాకా నా పేరు పాకిందన్న సంబరంలో రెండు రోజులు నేల మీద నడవలేదు.

"చెరువు చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా? మన కొల్లేరు ఏం పాపం చేసిందండీ?" అంది మా ఆవిడ, నా పెట్టెలో కందిపొడి డబ్బా సర్దుతూ.

చిన్న విమానం దిగాక జీపులో రెండు రోజులు వెళ్ళాం. నల్లరాళ్ళు, ముళ్ళకంపలు, దుమ్ము. ఆ రెండు రోజుల్లో ఒక్క కాలవ దాటలేదు. మా వైపు పది నిమిషాలు బండి మీద వెళ్తే మూడు వంతెనలు ఎక్కి దిగుతాం. నేను తెలియకుండానే వంతెన కోసం చూస్తున్నానని రెండో రోజు మధ్యాహ్నం అర్థమై నాకే నవ్వొచ్చింది. 

ఒక గుట్ట ఎక్కగానే సరస్సు కనపడింది. అవతలి ఒడ్డు లేదు. ఎండలో పచ్చగా మెరుస్తోంది. జీపులో ఉన్నవాళ్ళంతా కిందకి దిగి, ఫోన్లు తీసి, అబ్బా అంటూ నిలబడిపోయారు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నాచు బాగా పట్టింది, నీళ్ళు మార్చాలి" అని. సంస్థ తరఫున నా పక్కనున్న దుబాసీకి ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాను. అతను పడీ పడీ నవ్వి, "ఎక్కడికి మారుస్తారు? ఇందులోకి ఏరు వస్తుంది గానీ ఇందులోంచి ఏదీ బయటికి పోదు" అన్నాడు.

అది నాకు మింగుడు పడలేదు. నీళ్ళన్నాక ఎక్కడికో పోవాలి. గోదావరైనా, పంటకాలవైనా, మా పెరట్లో గిన్నెలు కడిగిన నీళ్ళైనా చివరికి సముద్రానికే. ఈ నీళ్ళు ఇక్కడికి వచ్చి, ఎండలో ఎండుతూ, ఉప్పూ క్షారమూ అడుగున వదిలేస్తూ ఎన్ని వేల ఏళ్ళుగానో ఇక్కడే ఉన్నాయి. ఒడ్డుకి వెళ్ళి చేత్తో తీసి చూశాను. సబ్బు నీళ్ళలా జారుతున్నాయి. నాలుక మీద వేసుకున్నాను. మా రొయ్యల చెరువులతో పోలిస్తే ఉప్పు చాలా తక్కువ. సోడా వేసిన పప్పుచారులా చివర్లో ఓ వికారపు రుచి ఉంది, అంతే. "చప్పనీళ్ళే" అన్నాను. ఆ సరస్సులో పెరిగే చేప మా వైపు గొరక అనే చేపకి దగ్గర చుట్టం, దానికి ఈ క్షారం ఒక లెక్క కాదు. గుంటల్లో పెంచడానికి ఈ నీళ్ళు బ్రహ్మాండంగా పనికొస్తాయని మొదటి రోజే తేల్చేశాను. చేపల వరకూ అది నిజమే.

ఆ దుబాసీ అంతకుముందు బడిలో పాఠాలు చెప్పినవాడు. అందుకని నేను మాస్టారూ అని పిలిచేవాణ్ణి. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, తక్కువ మాట్లాడేవాడు. నేను పది మాటలు చెబితే తన వాళ్ళకి మూడు మాటల్లో చెప్పేవాడు. మిగతా ఏడూ ఏమయ్యాయని ఒకసారి అడిగితే, "అవి మీ కోసం చెప్పుకున్నవి కదా" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం రావాలి, కానీ నవ్వొచ్చింది.

సరస్సుకి అర కిలోమీటరు ఎడంగా ఎండిపోయిన ఏరు ఒకటుంది. దాని ఒడ్డున పాతిక గుడిసెలు. నా గుడారం వాటి పక్కనే. ఆ ఏటి ఇసకలో ఒక ముసలావిడ చెలమ ఉంది. చెలమంటే మా గోదావరిలో ఎండాకాలం ఇసక తోడి చేసే మూరెడు గుంట కాదు. నిలువెత్తు లోతు తవ్వి, దిగడానికి మెట్లు చెక్కి, మేకలు పడకుండా చుట్టూ ముళ్ళకంప పేర్చింది. అక్కడ చెలమ తవ్వినవాళ్ళదే, మిగతావాళ్ళు అడిగి తోడుకోవాలి. ఆవిడని అడగని వాళ్ళు ఆ ఊళ్ళో లేరు. లేదని ఆవిడ ఎవరితోనూ అనగా నేను చూడలేదు. సరస్సు నీళ్ళు తాగి పళ్ళు గోధుమరంగు తిరిగినవాళ్ళు కింద ఒడ్డున చాలామంది ఉన్నారు. ఈ పాతిక గుడిసెల పిల్లల పళ్ళు మాత్రం తెల్లగా ఉండేవి. అది ఆ చెలమ చలవ.

మొదటి రోజు ఎండకి నాలుక పిడచగట్టుకుపోయి చెలమ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కిందకి దిగి సొరకాయ బుర్రతో నీళ్ళు తోడి, రేకు గ్లాసులో పోసి ఇచ్చింది. తాగాను. అంత తియ్యటి నీళ్ళు నేను మా ఊళ్ళో కూడా తాగలేదు. ఆవిడ మాస్టారితో ఏదో అంది.

"దీన్ని మీ భాషలో ఏమంటారని అడుగుతోంది" అన్నాడు మాస్టారు.

నీళ్ళు అనాలి. కానీ దాహమేసినప్పుడు మేం నీళ్ళు అనం కదా. "మంచినీళ్ళు" అన్నాను.

ఆవిడ రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకుని, "మంచినీల్లు" అంది. అది రెండు ముక్కల మాటలా ఉంది, మొదటి ముక్కకి అర్థమేమిటని మాస్టారు అడిగాడు. మంచి అంటే బాగున్నది అని చెప్పాను. ఆయన ఆవిడకి చెప్పాడు. ఆవిడ నవ్వుతూ ఇంకో ప్రశ్న వేసింది.

"మీ దేశంలో చెడ్డనీళ్ళు కూడా ఉంటాయా అంటోంది."

"ఉంటాయి. వాటిని తాగం" అన్నాను.

ఆవిడ తల ఊపింది. నేను ఆవిడని మామ్మగారూ అనేవాణ్ణి. రోజూ పొద్దున్నే నా క్యాను నింపుకోవడానికి వెళ్ళగానే "మంచినీల్లు?" అనేది. నేను "మంచినీళ్ళే మామ్మగారూ" అనేవాణ్ణి. మా ఇద్దరి మధ్యా మాస్టారి అవసరం లేకుండా నడిచిన మాటలు అవే. 

గుంటలు ఎక్కడ తవ్వాలన్నది నేను తేల్చాలి. సరస్సు ఒడ్డున మొసళ్ళు, పైగా గాలి. ఆ గాలికి అలలు లేచి గట్లు నిలవవు. ఏటి పక్కనున్న మెరక నాకు నచ్చింది. పైన బంకమట్టి, నాలుగడుగులు తవ్వినా బంకమట్టే. ఇంకా కింద ఏముందో తవ్వి చూడాలి. మా వైపైతే తప్పకుండా చూసేవాణ్ణి. అక్కడ గునపం దిగక మనుషులు అలిసిపోతున్నారని చూడలేదు. ఆ చోటు చెలమకి నలభై అడుగుల దూరంలో ఉంది.

గుర్తులు పాతుతుంటే ఆవిడ వచ్చి నిలబడింది. చాలాసేపు చూసి మాస్టారితో మాట్లాడింది.

"సరస్సు నీళ్ళు ఇక్కడికి తెచ్చి పోస్తే తన చెలమలోకి వస్తాయా అని అడుగుతోంది."

నేను ఆ రోజు అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "వస్తే మంచిదే కదా అని చెప్పండి. మా ఊళ్ళో పక్కన కాలవ ఉన్న బావి ఎప్పుడూ ఎండదు. నీళ్ళు పైకొస్తాయి. ఇంక మామ్మగారు అంత లోతు దిగక్కర్లేదు." ఇది చెప్పి, మా కాలవల గురించి, గోదావరి గురించి, ఆనకట్ట గురించి పావుగంట కోతలు కోశాను. మాస్టారు మొత్తం విని ఆవిడకి ఒక్క వాక్యం చెప్పాడు. 

"ఏం చెప్పారు?" అన్నాను.

"ఈయనకి నీళ్ళు తెలుసు అని చెప్పాను."

మా కాలవ నీళ్ళు తియ్యటివి. అక్కడ నేను పోయబోతున్నవి ఎక్కడికీ పోని నీళ్ళు, క్షారం మిగిలిన నీళ్ళు. రొయ్యల చెరువాయన మీద అరిచిన నోటితోనే ఈ మాట అన్నాను. ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఊట అనగానే నా బుర్రలోకి వచ్చింది మా బావే గానీ, మా వీధి గొడవ కాదు. ఉప్పు తక్కువని నాలుక చెప్పింది, నేను దాని మాట విన్నాను. అంతే. ఇంతకంటే మర్యాదైన కారణం వెతికాను, దొరకలేదు.

మూడు గుంటలు తవ్వించాం. డీజిలు ఇంజనుతో సరస్సు నీళ్ళు ఎక్కించాం. చేపపిల్లల్ని వదిలాం. ఊరంతా గట్ల మీద కూర్చుని చూసేది. మూడో వారానికి మామ్మగారు నా గుడారం దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. చెలమలో నీళ్ళు రెండు మెట్లు పైకొచ్చాయి. ఆవిడ మోకాలు వంచకుండా బుర్రతో తోడి చూపించింది. ఆడవాళ్ళు గలగలా నవ్వుతున్నారు. నేను ఫొటో తీసి మా ఆవిడకి పంపించాను, కింద "చూశావా" అని రాశాను. నా జీవితంలో అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు.

తర్వాత వారం పొద్దున్నే టీ పెట్టుకుంటే రంగు మారింది. ఎంత తక్కువ పొడి వేసినా నల్లగా దిగుతోంది. పొడి పాతబడిందేమో అనుకున్నాను. మర్నాడు అన్నం పసుప్పచ్చగా ఉడికింది. బియ్యాన్ని తిట్టాను. ఆ సాయంత్రం ఒక మేక చెలమ పక్కనున్న తొట్టిలో మూతి పెట్టి, తీసేసి, తల విదిలించి వెళ్ళిపోయింది. మేకని తిట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

గుడారంలోకి వెళ్ళి, తెర దించి, క్యానులో నీళ్ళు చిన్న సీసాలో పోసి క్షారం చూసే కాగితం ముంచాను. చూస్తుండగానే ముదురు నీలం అయింది. గుంటలో నీళ్ళకి ముంచిన కాగితానిదీ అదే రంగు. బంకమట్టి కింద ఇసక పొర ఉంది, అది తిన్నగా చెలమలోకి దారి తీసింది. మా వీధిలో నేను కాగితం పట్టుకుని ఊపిన సంగతే ఇది, అచ్చం అదే. 

ఆ రోజే చెప్పి ఉంటే పనులున్నాయి. గుంటలు ఖాళీ చేయించొచ్చు. చెలమ తోడిపోయించొచ్చు. ఏటి పైకి ఇంకో చెలమ తవ్వమని, అందాకా వీటిని పిల్లలకి పట్టొద్దని చెప్పొచ్చు. ఇవన్నీ నాకు తెలుసు, ఇదే కదా నా వృత్తి. కానీ చేపలు బెత్తెడు అయ్యాయి. సంస్థ పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. నేను వెళ్ళిపోవడానికి పన్నెండు రోజులుంది. నీళ్ళు తెలిసినాయన అన్న పేరు ఆ ఊరి పిల్లల నోళ్ళలో కూడా ఉంది. రేపు చెబుదాం అనుకున్నాను. పన్నెండు రోజులూ అలాగే అనుకున్నాను. పొద్దున్నే క్యాను పట్టుకుని వెళ్ళేవాణ్ణి, ఆవిడ అడిగేది, నేను మంచినీళ్ళే అనేవాణ్ణి. ఆ నీళ్ళు పారబోసి, సంస్థ జీపులో వచ్చే సీసా నీళ్ళు తాగేవాణ్ణి. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

పెద్దలు వచ్చి చూసి మెచ్చుకున్నారు. వెళ్ళేటప్పుడు నేనిచ్చిన నివేదికలో చెలమ గురించి ఒక్క ముక్క లేదు.

బయల్దేరే రోజు పొద్దున్న జీపు దగ్గరికి ఊరంతా వచ్చింది. మామ్మగారు రేకు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఎప్పుడూ చెలమ దగ్గరికి నేను వెళ్ళడమే గానీ, ఆవిడ తేవడం అదే మొదలు. రెండు చేతులతో పట్టుకుని నాకు ఇచ్చి, నా మొహంలోకి చూస్తూ "మంచినీల్లు?" అంది.

తాగాను. నోరంతా సబ్బులా అయింది. గొంతులో నుంచి దిగనంటున్న దాన్ని బలవంతంగా దింపాను. చివరి చుక్క దాకా తాగాను, అదేదో ప్రాయశ్చిత్తం అన్నట్టు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. మళ్ళీ అడిగింది, ఈసారి నెమ్మదిగా, రెండు ముక్కలూ విడదీసి. "మంచి... నీల్లు?"

మాస్టారు పక్కనే నిలబడి నేల చూస్తున్నాడు.

"మంచినీళ్ళే మామ్మగారూ" అన్నాను.

ఆవిడ గ్లాసు తీసుకుని, వెనక్కి తిరిగి, తన వాళ్ళకి గట్టిగా ఏదో చెప్పింది. ఏమందని నేను మాస్టారిని అడగలేదు. జీపెక్కాను. గుట్ట ఎక్కేదాకా వెనక్కి చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి కాలవ నిండుగా పారుతోంది. ఊళ్ళో అందరూ ఆఫ్రికా కబుర్లు అడిగారు. మొసళ్ళ గురించి చెప్పాను, గాలి గురించి చెప్పాను. మళ్ళీ సీసాలు, మిషన్లు, సున్నం సలహాలు. రొయ్యల చెరువాయన ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోవడం మొదలుపెట్టాను. ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదని వీధిలో వాళ్ళు అనుకున్నారు. ఇంట్లో ప్రతిదానికీ విసుక్కునేవాణ్ణి. మాస్టారు నెట్‌వర్కు ఉండే ఊరికి వచ్చినప్పుడల్లా ఒక మెసేజి పెట్టేవాడు. అంతా కుశలమే, మీరెలా ఉన్నారు అని. చెలమ మాట ఎత్తేవాడు కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు. బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగి పంపేవాణ్ణి.

ఈ ఎండాకాలం కాలవ కట్టేశారు. బావి ఎప్పటిలాగే దిగిపోయి ఉప్పెక్కింది. ఒకరోజు మధ్యాహ్నం మా ఆవిడ టీ తెచ్చి, "రంగు చూడండి, ఈ నీళ్ళతో టీ కూడా సరిగ్గా రావడం లేదు" అంది. నేను కప్పు ముట్టుకోలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి మాస్టారికి ఫోను చేశాను. రెండేళ్ళలో నేనుగా చేయడం అదే మొదలు. అదృష్టమో, కాదో, ఆయన ఆ రోజు ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ఎత్తాడు. వెనక గాలి హోరు వినిపించింది.

"మాస్టారూ, మామ్మగారి చెలమ గురించి ఒకటి చెప్పాలి" అన్నాను. "అది పాడైంది నా గుంటల వల్ల. నాకు అప్పుడే తెలుసు. చివరి రోజు ఆ గ్లాసు తాగినప్పుడు కూడా తెలుసు."

"మాకూ తెలుసండీ" అన్నాడు. "రోజూ తాగేవాళ్ళకి రుచి మారితే తెలియదా? ఆవిడకి అనుమానం వచ్చే మీకు తెచ్చి ఇచ్చింది. రెండుసార్లు అడిగింది. మీరు మంచివే అన్నారు. 'ఆయన మొత్తం తాగాడు, మంచివే అన్నాడు, నీళ్ళు పెరిగితే రుచి ఇలాగే ఉంటుంది కాబోలు' అని ఆవిడ అందరికీ చెప్పింది. వానలు పడేదాకా తాగారు. మేకపిల్లలు చాలా పోయాయి. పిల్లలకి కడుపునొప్పులు."

"మరి మీరెందుకు చెప్పలేదు?" అని అరిచాను. అరిచాక నా గొంతు నాకే అసహ్యం వేసింది.

"మీరు చెబుతారని చూశాను" అన్నాడు, ఎప్పటిలాగే తక్కువ మాటల్లో.

గుంటలు ఏమయ్యాయని అడిగాను. ఇంజను పాడై ఎండిపోయాయి, తెల్లగా పెచ్చు కట్టి ఉన్నాయన్నాడు. నీళ్ళు ఇప్పుడు ఎక్కడ తెచ్చుకుంటున్నారని అడిగాను. ఏటి పైకి, రెండో వంపు దాటాక కొత్త చెలమ తవ్వుకున్నారని, పొద్దు పొడవకముందు బయల్దేరితే ఎండ ముదిరాక తిరిగొస్తారని చెప్పాడు. మామ్మగారు కూడానా అన్నాను. ఆవిడ కూడానే అన్నాడు.

"మాస్టారూ, ఆవిడతో ఒక మాట చెప్పండి" అన్నాను. "అవి మంచినీళ్ళు కావని నేనన్నానని చెప్పండి. నేను అబద్ధం చెప్పానని చెప్పండి. అలాంటివాటిని మా భాషలో ఉప్పునీళ్ళు అంటాం. ఆ మాట చెప్పండి. ఉప్పు నీళ్ళు."

ఆయన ఆ మాట తిరిగి అనలేదు.

"మీరు ఒప్పుకున్నారని చెబుతాను. కానీ ఆ మాట ఆవిడకి అక్కర్లేదు" అన్నాడు. "వాళ్ళకి మీ పాత మాటే ఉంది. ఆ చెలమ పేరే ఇప్పుడు మంచినీల్లు. మేకలు అటు పోతుంటే పిల్లలు మంచినీల్లు, మంచినీల్లు అని అరుస్తూ రాళ్ళు విసిరి వెనక్కి తోలుతారు. చిన్నవాళ్ళకి అది మీరు నేర్పిన మాటని కూడా తెలియదు. తాగకూడని నీళ్ళని ఏమంటారని ఎవర్నడిగినా ఇక్కడ అదే చెబుతారు."